7 గంటల పెళ్లి, 20 నిమిషాల హైలైట్స్: రెండేళ్లు వాడినంక చెప్తున్నా

మాది మిర్యాలగూడ. పెళ్లి వీడియోల స్టూడియో నడుపుతున్నా. హాలియా, దామరచర్ల, దేవరకొండ దాకా పోతుంటం. రెండు కెమెరాలు పెడితే ఒక్కో పెళ్లికి 7 గంటల రష్ (ఇంకా కొయ్యని వీడియో) తేలిగ్గా వస్తది. దాంట్లకెళ్లి 20 నిమిషాల హైలైట్స్ తియ్యాలంటే ముందుగాల అంతా కూసొని చూడాలె. మాఘమాసంల వరుసగా పెళ్లిళ్లు పడితే ఒక్కోదానికి మూడు రోజులు చూసుడుకే పోయేది. రెండేళ్ల కింద మా మేనల్లుడు డీప్ లర్నింగ్‌తోని, అంటే ఉదాహరణలు చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతితోని, పొడుగు వీడియోలను కుదించే ఓపెన్ సోర్స్ (ఎవరైనా తీసుకొని మార్చుకోగల) ప్రోగ్రాం ఒకటి మా కంప్యూటర్ల ఎక్కించిండు. అప్పటిసంది దాదాపు ప్రతి పెళ్లికీ వాడుతున్న.

అది ఎట్ల పనిచేస్తదో తెలిసినంకనే దాని తప్పులు నాకు సమజైనయి. వీడియోలకెళ్లి సెకనుకు రెండు ఫ్రేములు (బొమ్మలు) తీసుకుంటది. ఒక్కో ఫ్రేమును గూగుల్‌నెట్ అనే నెట్‌వర్క్ (బొమ్మలను గుర్తుపట్ట నేర్చిన ప్రోగ్రాం) 1,024 అంకెల వరుసగా మారుస్తది. ఎల్‌ఎస్‌టీఎం అనే ఇంకో నెట్‌వర్క్ ఆ వరుసలను ముందూ ఎనకా కలిపి చదివి, ఏ ఫ్రేము ఎంత ముఖ్యమో 0 నుంచి 1 లోపల మార్కు వేస్తది. 2016ల వచ్చిన పద్ధతి ఇది. తర్వాత వీడియోను ముక్కలు చేసి, మొత్తం నిడివిల 15 శాతం దాటకుండ మంచి మార్కులు పడ్డ ముక్కలు ఏరుతది. అంటే 7 గంటలకు 63 నిమిషాలు. దాంట్లకెళ్లి 20 నిమిషాలు నేను కోసుకుంట. రాత్రి పెట్టి పంటే పొద్దుగాలకు తయారుగ ఉంటది.

మొదటి పెళ్లి బయటికొచ్చినప్పుడు చూస్తే సగం బరాతే ఉన్నది. డీజే లైట్లు, ఎగిరే పోరగాండ్లు, పటాకులు. జీలకర్ర బెల్లం పెట్టిన ముక్క లేనే లేదు. మేనల్లుడు కారణం చెప్పిండు: "మామా, ఇది నేర్చుకున్న టీవీసమ్ అనే డేటాల ఉన్నయే 50 వీడియోలు. కుక్కల పోటీలు, బైకు విన్యాసాలు, ఊరేగింపులు, తేనెటీగల పెంపకం... మన పెళ్లి ఒక్కటి లేదు." ఊరేగింపు చూసి నేర్చినదానికి బరాతే ముఖ్యమనిపిస్తది కద. పైగా ఇది బొమ్మను చూస్తదే గని శబ్దం వినదు. ముహూర్తం పడ్డదని మన పందిట్ల ఎట్ల తెలుస్తది? గట్టిమేళంతోనే. ఎనక వరుసల కూసున్నోళ్లు పెళ్లికొడుకును చూడకుండనే అక్షింతలు వేస్తరు. ఆ చప్పుడు వినబడనిదానికి జీలకర్ర బెల్లం అంటే ఇద్దరు మనుషులు కదలకుండ కూసున్న బొమ్మ మాత్రమే.

అందుకే చప్పుడు ఒక్కసారిగా పెరిగిన చోట మార్కు పెంచేటట్టు చేపిచ్చిన. ముహూర్తం అప్పటిసంది తప్పలేదు. తర్వాత అసలు పని మొదలైంది: పాత పెళ్లిళ్లు 14 తీసి, మా అమ్మతోని, అక్కతోని, నా భార్యతోని రెండేసి సెకన్లకు 1 నుంచి 5 దాకా మార్కులు వేయిచ్చిన. టీవీసమ్‌ల గూడ గిట్లనే, ఒక్కో వీడియోకు 20 మంది వేసిన్రట. ఒక పెళ్లిల పిల్ల తండ్రి అల్లుని కాళ్లు కడుగుతుంటే ఇత్తడి చెంబు ఆయన చేతుల వణికి, నీళ్లు పళ్లెం అంచు మీద పడ్డయి. నేను రెండుసార్లు చూసి గూడ పట్టుకోలేదు. మా అమ్మ అక్కడ ఆపి 5 వేసింది. ఆ మార్కులతోని మళ్లీ నేర్పినంక అసువంటి ముక్కలు చాన వరకు వస్తున్నయి.

ఒక్క తప్పు మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడ్తది. నిడమనూరు దిక్కు ఒక పెళ్లి చేసినం. నాలుగు నెలలకు పిల్ల ఫోన్ చేసింది: "అన్నా, మా తాత పోయిండు. పెళ్లిల ఆయనది ఒక్క ముక్క గూడ లేదా?" తాత పందిరి గుంజకు ఆనుకొని కుర్చీల కూసున్నడు, కదల్లేదు. ప్రోగ్రాం సున్నాకు దగ్గర మార్కు వేసింది, అది ఏరిన ముక్కలే నేను చూసిన. రష్ అప్పటికే చెరిపేసిన. పిల్ల ఏమీ అనకుండ ఫోన్ పెట్టేసింది. అప్పటిసంది పెళ్లికి ముందే ఇంటి పెద్దల ఫొటోలు అడిగి తీసుకుంటున్న. ఆ ముఖం కనబడ్డ ప్రతి ముక్కా, మార్కు ఎంతున్నా, వేరే ఫోల్డర్ల పడుతది. రష్ ఏడాది దాకా హార్డ్ డిస్క్ మీద ఉంచుతున్న. డిస్కుల ఖర్చు పెరిగింది, పెరగనీ.

మూడు రోజుల పని ఇప్పుడు ఒక రోజుల అయితున్నది. మంచి గ్రాఫిక్ కార్డు ఉండి, సొంతంగ మార్కులు వేసి నేర్పే ఓపిక ఉన్న స్టూడియో వాళ్లు తప్పక పెట్టుకోండ్రి. పెట్టంగనే హైలైట్స్ వస్తయనుకుంటే మాత్రం వద్దు. ఇంకో ముచ్చట: ఒడిబియ్యం పోసుడు మాకు ఇంకా సరిగ్గ దొరుకుతలేదు. బియ్యం, కొంగు, వంగిన తలలు, అన్నీ దగ్గర దగ్గరగ ఉండేసరికి మార్కు పడిపోతున్నది. ఈ మాఘంల చేసే పెళ్లిళ్లల్ల అవి వేరే కోసి, మళ్ల అమ్మ ముందు పెడ్త.