క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకి కాపలా: ప్రోగ్రెసివ్ ఈఎంఎస్-పీటీ30ఎక్స్ రివ్యూ

ట్రావెల్ ట్రైలర్‌తో క్యాంపింగ్‌కి వెళ్తే టైరు పేలొచ్చు, ప్రొపేన్ అయిపోవచ్చు, బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు ట్యాంకు) నిండిపోవచ్చు. ఇవన్నీ కనిపించే కష్టాలు, వచ్చిన వెంటనే తెలుస్తాయి. కరెంటు చేసే నష్టం అలా బయటపడదు. సైటు పక్కన పెడెస్టల్‌కి (కరెంటు సాకెట్లున్న స్తంభానికి) కార్డ్ తగిలిస్తారు, లైట్లు వెలుగుతాయి, ఏసీ తిరుగుతుంది, అంతా బాగుందనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం వోల్టేజీ 100కి జారినా ఏసీ చప్పుడు పెద్దగా మారదు. లోపల కంప్రెసర్ మోటారు మాత్రం ఎక్కువ కరెంటు లాగుతూ వేడెక్కిపోతుంటుంది. అది కాలిపోయాక గానీ సంగతి తెలియదు. అప్పటికి ఏసీ మార్చే ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది.

ప్రోగ్రెసివ్ ఇండస్ట్రీస్ వారి ఈఎంఎస్-పీటీ30ఎక్స్ (ఈఎంఎస్ అంటే ఎలక్ట్రికల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ఈ నష్టాన్ని ఆపడానికి చేసిన పరికరం. పెడెస్టల్‌కీ ట్రైలర్ కార్డ్‌కీ మధ్య తగిలించాలి. ధర 300 డాలర్లకు అటూఇటూ. 30 ఆంపుల ట్రైలర్‌కి మొదట కొనాల్సిన వస్తువు ఇదేనని మా గట్టి అభిప్రాయం. సోలార్ ప్యానెల్, బయట పరిచే చాప, ఎల్‌ఈడీ లైట్ల దండలు ఆ తర్వాతే.

కొనేటప్పుడు చాలామంది పొరబడేది ఒకచోట ఉంది. ఇదే కంపెనీ ఎస్ఎస్‌పీ-30ఎక్స్ఎల్ అనే చవక రకం కూడా అమ్ముతుంది. దాని సర్జ్ (హఠాత్తుగా ఎగిసే వోల్టేజీ) తట్టుకునే సామర్థ్యం 825 జౌల్స్, పీటీ30ఎక్స్‌ది 1,790. తేడా జౌల్స్‌తో అయిపోదు. చవక రకం తప్పు వైరింగ్‌ని లైట్లతో చూపిస్తుంది, ఒక్కసారిగా వచ్చే సర్జ్‌ని మింగుతుంది, అంతే. వోల్టేజీ పడిపోతే కరెంటు ఆపదు. క్యాంప్‌గ్రౌండ్లలో మాటిమాటికీ వచ్చేది పిడుగు సర్జ్ కాదు, తక్కువ వోల్టేజీ. పోటీ కంపెనీ హ్యూస్ పవర్ వాచ్‌డాగ్‌లోనూ ఇదే తిరకాసు. పేరు చివర ఈపీఓ (ఎమర్జెన్సీ పవర్ ఆఫ్) అని ఉన్న రకమే కరెంటు ఆపుతుంది, ఆ మూడక్షరాలు లేనిది ఆపదు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

పీటీ30ఎక్స్ పనితీరు సూటిగా ఉంటుంది. వోల్టేజీ 104 కంటే తగ్గినా, 132 దాటినా లోపలి రిలే (దానంతటదే పనిచేసే స్విచ్) తెరుచుకుని ట్రైలర్‌కి కరెంటు ఆగిపోతుంది. పరిస్థితి చక్కబడ్డాక కూడా వెంటనే వదలదు, 136 సెకన్లు ఆగుతుంది. ఈ ఆలస్యం ఏసీ కోసమే. ఆగిన కంప్రెసర్‌లో గ్యాస్ పీడనం రెండు వైపులా సమం కావడానికి ఆమాత్రం సమయం కావాలి. ఆలోపే మళ్ళీ తిరగబోతే మోటారు ఇరుక్కుపోయి భారీగా కరెంటు లాగుతుంది. కొత్తగా కొన్నవాళ్ళు ప్లగ్ పెట్టగానే కరెంటు రాలేదని పీకి మళ్ళీ పెడుతుంటారు. ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టాలి.

తగిలించే పద్ధతి: ముందు పెడెస్టల్ బ్రేకర్ ఆపండి. ఈఎంఎస్‌ని ఒక్కదాన్నే పెట్టి బ్రేకర్ వేయండి. తెర మీద వోల్టేజీ, ఆంపులు, హెర్ట్జ్, ఎర్రర్ కోడ్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ0 (E0) అంటే అంతా సవ్యం. మళ్ళీ బ్రేకర్ ఆపి, ట్రైలర్ కార్డ్ తగిలించి, అప్పుడు వేయండి. బ్రేకర్ ఆపకుండా తగిలిస్తే ప్లగ్ కొనల దగ్గర నిప్పురవ్వలు లేచి లోహం నల్లబడుతుంది. నల్లబడ్డ కొన సరిగా ఆనదు, ఆననిది వేడెక్కుతుంది, చివరికి ప్లగ్ ప్లాస్టిక్ కరుగుతుంది. క్యాంప్‌గ్రౌండ్ సాకెట్లు ఏళ్ళ తరబడి వాడకంతో వదులైపోయి ఉంటాయి కాబట్టి ఏసీ తిరిగిన గంట తర్వాత ప్లగ్ తలని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి ఆనించలేనంత వేడుంటే వెంటనే లోడ్ తీసేయండి. అదే పెడెస్టల్‌లో 50 ఆంపుల సాకెట్ ఉంటే 50 నుంచి 30కి మార్చే అడాప్టర్‌తో దాన్ని వాడొచ్చు. ఎక్కువమంది వాడని సాకెట్ అయితే పట్టు బిగుతుగా ఉంటుంది.

పరికరం మీకు ఎక్కువగా చూపించే కోడ్ ఈ4, అంటే తక్కువ వోల్టేజీ. అది రాగానే ఆఫీసుకి పరుగెత్తకండి, ముందు కారణం ఎక్కడుందో పట్టుకోండి. లోపల ఏసీ, వాటర్ హీటర్, మైక్రోవేవ్ అన్నీ ఆపి తెర మీద అంకె చూడండి. లోడ్ లేకుండా 118 ఉండి, ఏసీ వేయగానే 105కి పడిపోతే తప్పు మీ సైటు దగ్గరే ఉంది: వదులు సాకెట్, తుప్పుపట్టిన వైరు బిగింపు, లేదా పెడెస్టల్‌కీ ఈఎంఎస్‌కీ మధ్య మీరే వాడుతున్న సన్నని ఎక్స్‌టెన్షన్ కార్డ్. సైటు మార్చమని అడగడానికి ఆ రెండు అంకెలు చాలు. లోడ్ లేకుండానే 107 ఉంటే క్యాంప్‌గ్రౌండ్ మొత్తం అలసిపోయిందన్నమాట. వేసవి మధ్యాహ్నం అన్ని ట్రైలర్లలో ఏసీలు ఒకేసారి తిరగడమే కారణం, సైటు మారినా పెద్దగా లాభం ఉండదు. అలాంటిచోట పొద్దున్నే ఏసీ వేసి ట్రైలర్‌ని ముందే చల్లబరచాలి. ఎండ వైపు కిటికీలకి రిఫ్లెక్టివ్ షీట్లు కట్టి, వాటర్ హీటర్నీ గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ అయితే దాన్నీ ప్రొపేన్‌కి మార్చండి.

ఎక్స్‌టెన్షన్ కార్డ్ లెక్క తెలిసి ఉండటం మంచిది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 10 గేజ్ రాగి తీగకి వెయ్యి అడుగులకి దాదాపు 1 ఓమ్ నిరోధం. 25 అడుగుల కార్డ్‌లో రానూపోనూ 50 అడుగులు, అంటే 0.05 ఓమ్. పూర్తి 30 ఆంపులు లాగినా పోయేది 1.5 వోల్టులే. గ్యారేజీలో దొరికే 14 గేజ్ నారింజ కార్డ్ 50 అడుగులదైతే 0.25 ఓమ్. 15 ఆంపులకే 3.8 వోల్టులు పోతాయి, ఆ పోయిందంతా తీగలో వేడిగా మారుతుంది. ఏసీ నడపాలంటే 10 గేజ్ కంటే సన్నని కార్డ్ వద్దు.

మన ఇళ్ళ వంటకి సంబంధించిన చిక్కు వేరే ఉంది. 30 ఆంపులంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. గంటల తరబడి నడిచే లోడ్‌ని అందులో 80 శాతానికి, అంటే 24 ఆంపులకి మించనివ్వకపోవడం క్షేమం. 13,500 బీటీయూ (చల్లబరిచే సామర్థ్యానికి కొలత) ఏసీ దాదాపు 14 ఆంపులు లాగుతుంది. కరెంటు మీద పెట్టిన వాటర్ హీటర్ 12. ఇక్కడికే 26. దాని మీద పప్పు కోసం ఆరు క్వార్ట్‌ల ఇన్‌స్టంట్ పాట్ పెడితే 1,000 వాట్లు, అంటే ఇంకో 8 ఆంపులు. మొత్తం 34 అయ్యేసరికి బ్రేకర్ పడుతుంది. టీ నీళ్ళ కెటిల్ 1,500 వాట్లు, ఒక్కటే 12 ఆంపులు పైచిలుకు. ఇండక్షన్ పొయ్యి పూర్తి వేడి మీద 15. పోపుకి గ్యాస్ పొయ్యి, అన్నానికి కుక్కర్, కుక్కర్ నడిచినంతసేపు వాటర్ హీటర్ గ్యాస్ మీద: ఇదీ వాడాల్సిన వరస. పచ్చడికి 550 వాట్ల 110 వోల్టుల మిక్సీ రెండు నిమిషాలు తిప్పితే ఏ ఇబ్బందీ లేదు. లోడ్ మించితే ఆపడం ఈఎంఎస్ పని కాదు, బ్రేకర్ పని. అయితే తెర మీద ఆంపులు కనిపిస్తాయి కాబట్టి వేటిని కలిపి నడపొచ్చో మొదటిరోజే ఒక్కోటీ వేసి చూసి కాగితం మీద రాసి గోడకి అంటించొచ్చు.

ఈ పరికరం ఖరీదు ఒక్క దెబ్బలో రాబట్టే సందర్భం క్యాంప్‌గ్రౌండ్‌లో కాకుండా ఇంట్లోనే రావచ్చు. ట్రైలర్ కొన్నాక చాలామంది ఇంటి పక్కన 30 ఆంపుల సాకెట్ పెట్టిస్తారు. ట్రైలర్ల సంగతి తెలియని ఎలక్ట్రీషియన్ 30 ఆంపులు అనగానే బట్టల డ్రయ్యర్ సాకెట్ అనుకుని 240 వోల్టులు ఇచ్చేస్తాడు. ట్రైలర్‌కి కావాల్సిన టీటీ-30 సాకెట్ 120 వోల్టులది. 240 తగిలిందంటే కన్వర్టర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే పెట్టె), మైక్రోవేవ్, ఏసీ బోర్డు, టీవీ క్షణాల్లో పోతాయి. 132 దాటిన కరెంటుని ఈఎంఎస్ లోపలికి పంపదు. అయినా పూర్తిగా దాని మీదే వదిలేయకుండా, కొత్త సాకెట్‌ని ముందు మల్టీమీటర్‌తో చూడండి. హాట్‌కీ (కరెంటు వచ్చే రంధ్రం) న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగి వెళ్ళేది) మధ్య 120, హాట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 120, న్యూట్రల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య దాదాపు సున్నా రావాలి. వీటిలో ఏది తేడాగా ఉన్నా తగిలించొద్దు.

జనరేటర్ వాడేవాళ్ళు ఇంకో కోడ్ చూస్తారు: ఈ2, గ్రౌండ్ లేదని. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో హుకప్‌లు (సైటు దగ్గరే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు) లేవు. యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కచోటే ఉన్నాయి. గ్రాండ్ క్యాన్యన్ దక్షిణ అంచున ట్రైలర్ విలేజ్‌లో ఉన్నాయి, పక్కనే ఉన్న మేథర్‌లో లేవు. ఇలాంటిచోట్ల హోండా ఈయూ2200ఐ లాంటి ఇన్వర్టర్ జనరేటర్‌కి ఈఎంఎస్ తగిలిస్తే ఈ2 చూపించి కరెంటు ఇవ్వదు. పరికరం పాడవలేదు. ఈ జనరేటర్లలో న్యూట్రల్‌ని గ్రౌండ్‌కి కలపరు, ఈఎంఎస్ దాన్ని తప్పు వైరింగ్‌గా చదువుతుంది. దీనికి బాండింగ్ ప్లగ్ దొరుకుతుంది. న్యూట్రల్, గ్రౌండ్ పిన్నులు లోపలే కలిపిన మామూలు 15 ఆంపుల ప్లగ్ అది. జనరేటర్ మీద ఖాళీగా ఉన్న రెండో సాకెట్‌లో పెడితే ఈ0 వస్తుంది. దాని మీద జనరేటర్‌కి మాత్రమే అని పెద్దక్షరాలతో రాసి ఉంచండి. ఇంటి సాకెట్‌లో గానీ పెడెస్టల్‌లో గానీ పెట్టడం ప్రమాదం. ఇంకో సంగతి, ఆ జనరేటర్ నిలకడగా ఇచ్చేది 1,800 వాట్లే. పైగా ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు మూడు శాతం బలం తగ్గుతుంది. ఏడు వేల అడుగుల గ్రాండ్ క్యాన్యన్ అంచున అయిదో వంతు పోయినట్టే. ఏసీ మొదలయ్యే ఊపుని తగ్గించే సాఫ్ట్ స్టార్ట్ బిగించకపోతే ఒక్క జనరేటర్‌తో 13,500 ఏసీ తిరగడం కష్టం. పొగ గొట్టం ట్రైలర్ వైపు తిరగకుండా కనీసం 20 అడుగుల దూరంలో పెట్టండి, లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి.

ఈఎంఎస్ కరెంటు ఆపేసి, మారడానికి ఇంకో సైటూ లేకపోతే? లైట్లు, నీళ్ళ పంపు, గ్యాస్ ఫ్రిజ్ బోర్డు, ఫర్నేస్ ఫ్యాన్ బ్యాటరీ మీద నడుస్తాయి. గ్రూప్ 24 లెడ్-యాసిడ్ బ్యాటరీ దాదాపు 80 ఆంపియర్-అవర్లది, పాడవకుండా వాడుకోదగింది సగం, అంటే 40. చలి రాత్రి ఫర్నేస్ ఫ్యాన్ 7 నుంచి 8 ఆంపులు లాగుతుంది. ఎనిమిది గంటల్లో సగం సేపు తిరిగినా 30 పోతాయి. తెల్లారేసరికి బ్యాటరీ 12.1 వోల్టుల దగ్గర ఉంటే సగం అయిపోయిందని లెక్క, ఇక ఛార్జింగ్ చూసుకోవాల్సిందే. కరెంటు మీద నడుస్తున్న ఫ్రిజ్ ఆగిపోతే తలుపు తెరవకండి, తెరవకుంటే నాలుగు గంటల దాకా లోపలివి క్షేమం. ఇడ్లీ పిండి ఎలాగూ పులుస్తుంది గానీ, పాలు, మాంసం ఆలోపే ఐసు పెట్టెలోకి మార్చాలి. ఎండాకాలమైతే పిల్లల్నీ పెద్దవాళ్ళనీ కుక్కనీ ట్రైలర్‌లో ఉంచకండి, ఏసీ ఆగాక లోపల వేడి చాలా త్వరగా పెరుగుతుంది.

లోపాలూ చెప్పాలి. పీటీ30ఎక్స్ బరువైనది, పాత వదులు సాకెట్‌లో పెడితే కిందికి లాగుతుంది. దాని బ్రాకెట్‌ని తాడుతో పెడెస్టల్‌కి కడితే భారం తగ్గుతుంది. బ్లూటూత్ లేదు, వానలో బయటికి వెళ్ళి తెర చూడాల్సిందే. ఫోన్‌లో చూడాలనుకునేవాళ్ళకి పవర్ వాచ్‌డాగ్ ఈపీఓ నయం, పైగా సర్జ్ మాడ్యూల్ మీరే మార్చుకోవచ్చు. పీటీ30ఎక్స్ ఈ10 చూపిస్తే సర్జ్ మాడ్యూల్ పనైపోయిందని అర్థం, కంపెనీతో మాట్లాడాలి. తగ్గిన వోల్టేజీని పెంచడం రెండింటికీ చేతకాదు. దానికి హ్యూస్ ఆటోఫార్మర్ వేరేగా ఉంది, దాదాపు పది శాతం పెంచుతుంది, కానీ ధర బాగా ఎక్కువ. ప్రతి వేసవీ పాత క్యాంప్‌గ్రౌండ్లలో గడిపేవాళ్ళకే దాని అవసరం. దగ్గర్లో పడే పిడుగుని మాత్రం ఏ పరికరమూ ఆపలేదు. ఉరుములు దగ్గరపడుతుంటే తడవకముందే బ్రేకర్ ఆపి కార్డ్ తీసేయండి.

మూడొందల డాలర్ల వస్తువు రాత్రంతా బయట వేలాడుతుంది కాబట్టి బ్రాకెట్‌కి తాళం తప్పనిసరి. దొంగల భయం ఎక్కువైతే ఈఎంఎస్-హెచ్‌డబ్ల్యూ30సీ తీసుకోండి. ట్రైలర్ లోపల ఇన్‌లెట్‌కీ కన్వర్టర్ ప్యానెల్‌కీ మధ్య 10 గేజ్ తీగతో బిగిస్తారు, తెర లోపలే ఉంటుంది. ట్రైలర్ అద్దెకి తీసుకునేవాళ్ళు మాత్రం చేత్తో పట్టుకెళ్ళే పీటీ రకాన్నే కొనాలి. ముందుగా యజమానిని రెండు ప్రశ్నలు అడగండి: ట్రైలర్ 30 ఆంపులదా 50దా, ఈఎంఎస్ ఇస్తున్నారా. సర్జ్ ప్రొటెక్టర్ ఉందంటే మోడల్ పేరు అడిగి, తక్కువ వోల్టేజీకి కరెంటు ఆపే రకమో కాదో చూసుకోండి. 50 ఆంపుల ట్రైలర్‌కి పీటీ50ఎక్స్ కావాలి, 30ది దానికి తగలదు.