ఎండలో పోర్ట్రెయిట్‌కు రిఫ్లెక్టరా, ఫ్లాషా?

85 ఎంఎం లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/1.8కు, అంటే బాగా వెడల్పుగా తెరిచి, సూర్యుణ్ణి మనిషి వీపు వెనక ఉంచి తీసేటప్పుడు, నీడలో పడిన ముఖానికి వెలుగు అందించే మార్గాలు రెండు. రిఫ్లెక్టర్, అంటే ఎండను ముఖం మీదికి మళ్లించే వెండి, తెలుపు వైపులున్న పలక, చవక, దానికి బ్యాటరీ అక్కర్లేదు; పైగా వెలుగు ముఖం మీద ఎలా పడుతోందో షట్టర్ నొక్కకముందే కంటికి కనిపిస్తుంది కనుక, నేర్చుకునేవారికి అంతకు మించిన గురువు లేదు. అయితే వెండి వైపును దగ్గరగా, కింది నుంచి తిప్పితే కళ్లు చికిలించుకుపోతాయి, గడ్డం కింద వెలుగు పడి ముఖం దెయ్యం కథలోలా తయారవుతుంది. తెల్ల వైపును కంటి మట్టానికి ఎత్తి పట్టడమే మేలు. పట్టుకోవడానికి మరో మనిషి కావాలి. గాలి వీచిందా, అది తెరచాపే.

ఫ్లాష్‌తో చిక్కు వేరు. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) 100, ఎఫ్/1.8 పెడితే షట్టర్ వేగం సుమారు 1/8000 సెకనుకు చేరుతుంది, కాగా చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో మామూలుగా కుదిరే గరిష్ఠ వేగం 1/200 లేదా 1/250 మాత్రమే. ఆ అంతరాన్ని హైస్పీడ్ సింక్‌తో (అంతకన్నా ఎక్కువ షట్టర్ వేగంలోనూ ఫ్లాష్‌ను పనిచేయించే పద్ధతి) పూడిస్తే ఫ్లాష్ శక్తి బాగా తగ్గిపోతుంది. అయినా 35 ఎంఎం లెన్స్‌తో చెరువునూ ఆకాశాన్నీ కలుపుకొని నిలువెత్తు చిత్రం తీయాలంటే నా ఓటు ఫ్లాష్‌కే, ఎందుకంటే అంత విశాలమైన ఫ్రేమ్‌లోకి రాకుండా రిఫ్లెక్టర్‌ను ముఖానికి దగ్గరగా పట్టడం కుదరదు.