ఆరేళ్లు వాడాక బ్లెస్డ్ గురించి నా మాట

పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషలో చేతికొచ్చిన విలువ ఆబ్జెక్టా (అంటే ఏదో ఒక క్లాస్‌కి చెందినదా) కాదా అని తేల్చడానికి ఆరేళ్లుగా స్కేలార్ యుటిల్ మాడ్యూల్‌లోని బ్లెస్డ్ ఫంక్షన్ వాడుతున్నాను. ఇదంటే నాకు చాలా ఇష్టం. అంతకుముందు, రిఫరెన్స్ ఏ రకమో చెప్పే రెఫ్‌తోనే నెట్టుకొచ్చేవాణ్ణి. మామూలు హ్యాష్ (పేరు-విలువ జంటల పట్టిక) రిఫరెన్స్ ఇచ్చినా రెఫ్ ఖాళీగా ఉండదు, 'హ్యాష్' అంటుంది. అది నమ్మి మెథడ్ పిలిస్తే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. బ్లెస్డ్ అలా కాదు. ఆబ్జెక్ట్ అయితే క్లాస్ పేరు ఇస్తుంది, కాకపోతే అన్‌డెఫ్, అంటే విలువ లేదని.

నాలుగేళ్ల పాటు దీనికి తిరుగులేదనుకున్నాను. సెట్టింగులన్నీ లాగ్‌లో రాసే కోడ్ ఒకటి ఉంది. ఆబ్జెక్ట్ కనిపిస్తే దాని టు_హ్యాష్ మెథడ్ పిలుస్తుంది, లేకపోతే విలువని ఉన్నదున్నట్టు రాస్తుంది. ఒక రాత్రి జాబ్ మధ్యలో పడిపోయింది. రెగెక్స్‌ప్ ప్యాకేజీలో టు_హ్యాష్ దొరకలేదని ఎర్రర్. ఆ పేరుతో మేం క్లాసే రాయలేదు! గంటన్నర మా మాడ్యూళ్లన్నీ వెతికాను. చివరికి చూస్తే, సెట్టింగుల్లో ఎవరో మామూలు స్ట్రింగ్ తీసేసి క్యూఆర్‌తో (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ తయారుచేసే ఆపరేటర్) ప్యాటర్న్ పెట్టారు. క్యూఆర్ ఇచ్చేది రెగెక్స్‌ప్ క్లాస్‌లోకి బ్లెస్ చేసిన, అంటే ఆ క్లాస్‌కి ముడివేసిన రిఫరెన్సే. బ్లెస్డ్ నిజమే చెప్పింది, నేను అడిగిన ప్రశ్నే తప్పు. నాకు కావాల్సింది 'ఇది ఆబ్జెక్టా' అని కాదు, 'దీనికి టు_హ్యాష్ ఉందా' అని. ఇప్పుడు ముందు బ్లెస్డ్, అది దాటితే ఆ మెథడ్ ఉందో లేదో చెప్పే క్యాన్, రెండూ చూస్తున్నాను. క్యాన్ ఒక్కటే పెడితే బ్లెస్ కాని రిఫరెన్స్ దగ్గర మళ్లీ పాత చావే.

దీనికి తిరకాసు ఇంకోటి ఉంది. ఓపెన్‌తో తెరిచిన ఫైల్ హ్యాండిల్ మీద ప్రింట్ మెథడ్ చక్కగా నడుస్తుంది, కానీ బ్లెస్డ్ దాన్ని ఆబ్జెక్ట్ అనదు. క్లాస్ పేరు '0' అయితే ఫలితం అబద్ధం (ఫాల్స్) అవుతుంది కాబట్టి, విలువ ఉందో లేదో మాత్రమే చూసే డిఫైన్డ్ కూడా జోడించమంటారు. అలాంటి క్లాస్ నాకైతే ఇంతవరకు తగల్లేదు.

విలువ ఫలానా క్లాస్‌కి చెందినదా అని చూసే, పెర్ల్ 5.32లో ప్రయోగంగా వచ్చి 5.36లో స్థిరపడిన ఐసా ఆపరేటర్ ఇంకా శుభ్రంగా ఉంటుంది, ఎడమవైపు ఏమున్నా చావదు. మా సర్వర్‌లో ఇంకా 5.16 ఉంది కాబట్టి నాకు ఆ అదృష్టం లేదు. మీరు కొత్త పెర్ల్ మీద ఉండి, ఏ క్లాస్ రావాలో ముందే తెలిస్తే బహుశా అదే మేలు. నా లాగ్ కోడ్‌కి ఏ క్లాస్ వస్తుందో ముందు తెలియదు, వచ్చినదాని పేరు కూడా రాయాలి. అందుకే సర్వర్ మారినా అక్కడ బ్లెస్డ్‌నే ఉంచుతాను.