క్లాసా, ఫోనా, పక్క సీటా: ఏ ట్రైనింగ్ మేలు?

ట్రైనింగ్‌కు నామినేషన్ల సర్క్యులర్ వచ్చిందంటే చాలు, మా సెక్షన్లో అదే ప్రశ్న. "సార్, క్లాసుకు పేరు ఇవ్వమంటారా, ఆన్‌లైన్లో కానిచ్చేయమంటారా?" మాది కేంద్ర ప్రభుత్వ ఆఫీసు, పేర్లు పంపే ఫైలు ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

క్లాసుల విషయంలో హైదరాబాద్ వాళ్లం అదృష్టవంతులం. 1956 నుంచి నడుస్తున్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ) ఉంది, రాజేంద్రనగర్లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది, రాష్ట్ర ఉద్యోగులకు జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి సంస్థ ఉంది. ఎక్కడెక్కడి వాళ్లో సూట్‌కేసులతో దిగే చోటికి మనం సిటీ బస్సులో వెళ్లి రావచ్చు. నా మటుకు నాకు అక్కడ పాఠం కన్నా టీ టైమే ఎక్కువ పనికొచ్చింది. పెన్షన్ కేసుకు ఏ కాగితం ముందు, ఏది తర్వాత అని వేరే డిపార్ట్‌మెంట్ ఆయన ఒకరు రాసిచ్చిన చీటీ ఇప్పటికీ నా టేబుల్ అద్దం కింద ఉంది. ఆ రోజు లెక్చర్లు మాత్రం ఒక్కటీ గుర్తులేదు. పైగా మనం ఐదు రోజులు సీట్లో లేకపోతే ఫైళ్లు కూడా ఐదు రోజులు కదలవు.

ఇక ఫోను, అంటే ఐగాట్ కర్మయోగి అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక. ఇది 2020 సెప్టెంబరులో కేబినెట్ ఆమోదించిన మిషన్ కర్మయోగిలో భాగం, దాదాపు 46 లక్షల మంది కేంద్ర ఉద్యోగుల కోసం. కొత్త రూల్ ఏదైనా వస్తే తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. కానీ 2024 అక్టోబరులో కర్మయోగి సప్తాహ్ పెట్టి, తలా కనీసం 4 గంటలు నేర్చుకోవాలన్నప్పుడు మా ఆఫీసులో ఏం జరిగింది? టేబుల్ మీద వీడియో నడుస్తోంది, మనిషి క్యాంటీన్లో ఉన్నాడు. సర్టిఫికెట్ మాత్రం వచ్చేసింది.

మోటివేషన్ లెక్చర్లు, ఎక్స్‌పోజర్ టూర్లు అంటారా? ఫొటోలు బాగుంటాయి.

అసలు సంగతి తిరిగొచ్చాక మొదలవుతుంది. మా దగ్గర ఒకావిడను ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్లో సరుకు కొనే జెమ్ పోర్టల్ మీద ట్రైనింగ్‌కు పంపాం. శ్రద్ధగా నోట్స్ రాసుకుని వచ్చారు. వచ్చిన వారానికే ఆవిడను డిస్పాచ్‌కు మార్చారు! రెండు నెలలకు నోట్సు ఉంది, పని మర్చిపోయారు. ఇంకొకాయన వెళ్లింది రెండు రోజులే. సోమవారం ఆఫీసర్ లాగిన్ ఇచ్చి, పాత సీటు ఆయన్ను పక్కన కూర్చోబెట్టి, ఒక చిన్న బిడ్ చేయమన్నారు. రెండుసార్లు తప్పు చేశాడు, రెండుసార్లూ పక్కాయన దిద్దాడు. ఇప్పుడు ఆడిట్ అభ్యంతరం వస్తే అందరూ ఆయన దగ్గరికే వెళతారు.

కాబట్టి నా ఓటు పక్క సీటుకే. అలాగని ఒట్టి పక్క సీటు చాలదు. సీనియర్ చేసే తప్పులు కూడా అలాగే అంటుకుంటాయి, "మేం ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అనే మాటతో సహా. ముందు రెండు మూడు రోజుల క్లాసు, వెంటనే సీట్లో అదే పని. రూల్స్ చూసుకోవడానికి ఫోను.

శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలని కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లోనే రాశాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం మారిందా. మన ఫీడ్‌బ్యాక్ ఫారం భోజనం ఎలా ఉందో అడిగి మొదటి మెట్టు మీదే కూర్చుంటుంది.

అందుకే నిరుటి నుంచి నామినేషన్ నోట్‌లో ఒక వాక్యం కలుపుతున్నాను: "వీరు తిరిగొచ్చాక కనీసం ఆరు నెలలు ఇదే సీటులో ఉంటారా?" మొదటి ఫైలు "చర్చించండి" అనే ముక్కతో వెనక్కొచ్చింది. చర్చించాం. మూడు నెలల్లో రిటైరయ్యే ఆయన పేరు తీసేసి, ఆ సీటుకు కొత్తగా వచ్చిన కుర్రాణ్ని పంపాం.