కొడిసెపాల అడిగితే అంకుడు వచ్చింది: హైవే పక్క నర్సరీపై నా అభిప్రాయం

కావలి, సింగరాయకొండల మధ్య హైవే పక్కనున్న ఒక నర్సరీలో రెండేళ్ల క్రితం కొడిసెపాల మొక్క కావాలని అడిగి, ఆ పేరు రాసిన చీటీతోనే 120 రూపాయలకు ఒకటి కొన్నాను. మొక్క ఆరోగ్యం విషయంలో వారిని మెచ్చుకోవలసిందే. వేరు సంచిలో చుట్టుకుపోకుండా, మట్టి గడ్డ చెదరకుండా ఇచ్చారు, మా ఎర్ర నేలలో ఒక్క వేసవికే నిలదొక్కుకుంది.

ఈ ఏప్రిల్‌లో తొలిసారి పూసినప్పుడు అనుమానం వచ్చింది. కొడిసెపాల, అంకుడు రెండు చెట్లకూ కొమ్మ తుంచితే పాలు కారుతాయి, ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, పూలు తెల్లగా అయిదు రేకులతో ఉంటాయి కాబట్టి లేత మొక్కలో పొరబడడం తేలికే. కాని నా చెట్టు పువ్వు నడుమ దారపు కుచ్చులాంటి తెల్లని అంచు, దాని మధ్య నుంచి పొడుచుకువచ్చిన కేసరాల మొన కనిపించాయి. కొడిసెపాల పువ్వుకు ఆ కుచ్చు ఉండదు, కేసరాలు గొట్టంలోనే దాగి ఉంటాయి. ఒక ఆకును పాత దినపత్రికలో పెట్టి ఆరబెడితే నల్లబారింది. ఇక సందేహం లేదు, ఇది అంకుడు. కొందరు తెడ్లపాల అంటారు. ఒకప్పుడు దీని ఆకుల నుంచి నీలిరంగు తీసేవారు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఈ కర్రతోనే. కాయలు కాసినప్పుడు కూడా పోల్చుకోవచ్చు: అంకుడుకు జంట కాయలు పండేదాకా కొనల దగ్గర అతుక్కొని వేలాడతాయి, కొడిసెపాలవి విడివిడిగా ఉంటాయి.

నర్సరీకి వెళ్లి పువ్వు చూపిస్తే, "రెండూ పాలచెట్లే కదండీ" అన్నారు. నా అభ్యంతరం అక్కడే. పెరటి అందానికైతే తేడా లేదు గాని, కుటజారిష్టమనే ఆయుర్వేద మందుకు వాడేది కొడిసెపాల పట్ట. విరేచనాలకని ఎవరైనా చీటీని నమ్మి అంకుడు పట్ట కషాయం కాచుకుంటే ఆ పొరపాటుకు బాధ్యులెవరు? డబ్బు వెనక్కి ఇవ్వలేదు, సగం ధరకు మరో మొక్క ఇస్తామన్నారు. అదీ పూత లేని లేత మొక్కే కావడంతో తీసుకోలేదు.

మల్లె, గన్నేరు, నిమ్మ వంటి తెలిసిన మొక్కలకు అక్కడికి నిస్సంకోచంగా వెళ్లవచ్చు. అడవి జాతి చెట్టు కావాలంటే మాత్రం వేసవి పూత కాలంలో వెళ్లి, పువ్వు నడుమ చూసి కొనండి. నా అంకుడును మాత్రం పీకలేదు. సాయంత్రం గేటు దాకా దాని వాసన వస్తోంది.