మెరైన్ ట్యాంక్ ఇసుక: ఐదేళ్లలో పని చేసినవాళ్లు, తిని కూర్చున్నవాళ్లు

మా ఇల్లు విశాఖలో, ఎంవీపీ కాలనీలో. మెరైన్ ట్యాంక్, అంటే ఉప్పునీటి అక్వేరియం, పెడుతున్నానని చెప్పగానే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట అన్నారు: "సముద్రం పక్కనే పెట్టుకుని ఇసుక కొనడమేంట్రా? రెండు బకెట్లు తెచ్చుకో." తెచ్చాను కూడా. బాగా కడిగి ముందు ఒక చిన్న ట్యాంకులో వేసి చూశాను. మన తీరం ఇసుకలో నల్లగా ఇల్మనైట్, ఎర్రగా గార్నెట్ ఖనిజ రేణువులు కలిసి ఉంటాయి. అద్దం తుడిచే అయస్కాంతాన్ని కిందిదాకా దించేసరికి నల్ల రేణువులు దానికి బొచ్చులా పట్టుకున్నాయి. నేను గమనించకుండా పైకి లాగాను. అద్దం మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ దెబ్బతో బుద్ధి వచ్చి, పెద్ద ట్యాంకుకి అరగొనైట్ అనే సున్నపు ఖనిజం ఇసుక సంచులు కొన్నాను. ఆ ఇసుకని శుభ్రంగా ఉంచుతాయని ఐదేళ్లలో తెచ్చిన జీవాల్లో ఏవి పని చేశాయో, ఏవి చెయ్యలేదో చెబుతాను.

ట్యాంక్ కొలతలు ముందే చెబుతాను. వీటిని బట్టే మిగతాదంతా అర్థం చేసుకోవాలి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా పోస్తే సుమారు 250 లీటర్లు. అడుగున అంగుళంన్నర మందాన ఇసుక, సుమారు 30 కిలోలు, గింజ 1 నుంచి 2 మిల్లీమీటర్లు. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక డామ్‌సెల్ చేప, రాళ్లు. కోరల్స్ (పగడాలు) లేవు. ఇంతకంటే చిన్న ట్యాంక్ ఉన్నవాళ్లు నేను చెప్పే ప్రతి సంఖ్యనీ ఇంకా తగ్గించుకోవాలి.

2020 జనవరిలో నీళ్లు పోశాను. మార్చి నెలాఖరుకి లాక్‌డౌన్ వచ్చి కొట్లన్నీ మూతపడ్డాయి. చెన్నై నుంచి జీవాలు రావడం ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఇసుక మీద బెల్లం పొడి చల్లినట్టు గోధుమరంగు పొర కట్టింది. డయాటమ్‌లు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు. దాన్ని తినే నత్తలు కొందామంటే దారి లేదు. రోజూ చూసుకుని టెన్షన్ పడటం తప్ప చేసేదేమీ లేక ఊరుకున్నాను. ఐదారు వారాల్లో ఆ పొర దానంతటదే పలచబడి పోయింది. కొత్త ట్యాంకులో ఉన్న సిలికేట్ కరిగి అయిపోతే డయాటమ్‌లకు తిండి ఉండదు, అంతే సంగతి. లాక్‌డౌన్ రాకపోయి ఉంటే నేను కచ్చితంగా ఓ ఇరవై నత్తలు కొనేవాణ్ణి. పొర పోగానే "నత్తలు భలే పని చేశాయి" అని ఊరంతా చెప్పేవాణ్ణి కూడా. కాబట్టి ట్యాంక్ పెట్టి మూడు నెలలు కూడా కాకుండా ఇసుక గోధుమరంగులోకి వస్తే, ముందు మీరు పోస్తున్న నీళ్లు చూసుకోండి. కుళాయి నీళ్లు మానేసి ఆర్వో డీఐ నీళ్లు (లవణాలన్నీ వడగట్టినవి) పోయండి, కొంచెం ఓపిక పట్టండి.

కొట్లు తెరిచాక మొదట కొన్నవి నసారియస్ నత్తలు, ఆరు. ఇవి రోజంతా ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి. పైకి ఒక సన్నటి గొట్టం మాత్రం కనిపిస్తుంది, దాంతోనే వాసన పడతాయి. చిన్న రొయ్య ముక్క వేస్తే నిమిషం తిరక్కుండా ఆరూ ఇసుకలోంచి లేచి పరిగెత్తుకొస్తాయి. మా అమ్మ మొదటిసారి చూసి, "బంతి భోజనానికి లేవండి అన్నట్టే వస్తున్నాయేంట్రా" అంది. చూడటానికి బాగుంటుంది, పనీ చేస్తాయి. కానీ ఏ పనో తెలుసుకుని కొనాలి. ఇవి మాంసం తినే నత్తలు. చేపలు వదిలేసిన మేత, చచ్చిన జీవం, అవే వీటి తిండి. నాచు ముట్టవు, చేపల పెంట అసలే ముట్టవు. ఇసుకలోకి దిగుతూ లేస్తూ పై పొరను కదిలించడం మనకు కొసరు. నాచు పోతుందని కొంటే డబ్బు దండగ. మేత తక్కువ వేసే ట్యాంకులో ఎక్కువ కొంటే వాటికి ఆకలి చావు. ఆరింటిలో నాలుగు ఇప్పటికీ ఉన్నాయి.

సెరిత్ నత్తలు సూదిమొనలా మెలితిరిగిన గుల్లలు. పగలు ఎక్కడున్నాయో తెలియదు. రాత్రి టార్చి వేసి చూస్తే ఇసుక మీదా అద్దం మీదా పని చేస్తూ కనిపిస్తాయి. పల్చటి నాచు, చెత్త తింటాయి. అప్పుడప్పుడు అద్దానికి సేమ్యా అతికించినట్టు గుడ్లు పెడతాయి, పిల్లలు మాత్రం నా దగ్గర నిలవలేదు. ఎనిమిది కొన్నాను. వీటి మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు కూడా, అంత నెమ్మదైన జీవాలు.

ఇప్పుడు డైమండ్ గోబీ సంగతి. 2021లో తెచ్చాను. ఈ చేప నోటినిండా ఇసుక తీసుకుని, అందులోని చిన్న చిన్న జీవాల్ని ఏరుకుని, ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. రెండు రోజుల్లో ఇసుక సున్నం వేసిన గోడలా తెల్లబడింది. నేను ఫొటోలు తీసి అందరికీ పంపాను. రెండో వారం నుంచి అసలు కథ మొదలైంది. ఇసుకంతా ఒక మూలకి కుప్ప పడింది, ఇంకో మూల అద్దం అడుగు బయటపడింది. నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ మోటారులోకి ఇసుక పోయి గరగరమని ఆగిపోయింది. రాయి కింద తవ్వేసరికి ఒక పెద్ద రాయి పక్కకి ఒరిగింది. తప్పు నాదే. రాళ్లను నేరుగా అడుగు అద్దం మీద నిలబెట్టి, ఆ తర్వాత ఇసుక పోయాలి. నేను ఇసుక మీద రాళ్లు పెట్టాను.

నాలుగో నెలకి చేప పొట్ట లోపలికి పోయింది. ఇసుకలో ఉన్నదంతా తినేసింది, నేను వేసే మేతేమో పై చేపలే తినేసేవి. అప్పట్నుంచి పొడవాటి పిపెట్‌తో దాని ముక్కు ముందే రోజుకి మూడుసార్లు మైసిస్ (చిట్టి రొయ్యల మేత) వేశాను. చేప కోలుకుంది. కానీ అంత మేతకి నీళ్లలో నైట్రేట్ (మేత, పెంట కుళ్లితే మిగిలేది) పెరిగింది, నాచు పెరిగింది. ఇసుక శుభ్రంగా ఉండాలని తెచ్చిన చేపకి తిండి పెట్టడం వల్లే ఇసుక మురికి అయింది! పద్నాలుగు నెలలున్నాక ఒక రాత్రి మూత సందులోంచి దూకేసింది. పొద్దున స్టాండ్ వెనక ఎండిపోయి కనిపించింది. ఇవి దూకే చేపలని చదివాను, ఆ వేలెడు సందు ఏం చేస్తుందిలే అనుకున్నాను. గోబీ కావాలంటే ఆరడుగుల ట్యాంక్, సన్న జాలీతో పూర్తి మూత, మూడు పూటలా మేత వేసే మనిషి ఉండాలి. నాకు ఈ మూడూ లేవు.

దాని తర్వాత నక్షత్ర చేప తెచ్చాను, శాండ్ సిఫ్టింగ్ స్టార్ అని అమ్ముతారే, అది. అమ్మినాయన "సార్, దీనికి మేత కూడా వెయ్యక్కర్లేదు, ఇసుకలోనే బతికేస్తుంది" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అందులో అబద్ధమేమీ లేదు, ఇసుకలో తిండి ఉన్నన్నాళ్లు బతికింది. అది తినేది మురికి కాదు. ఇసుకలో ఉండే చిన్న పురుగులు, బుల్లి గుల్లలు, రొయ్య జాతి చిట్టి జీవులు. అంటే ఇసుకను నిజంగా శుభ్రం చేసే కూలీలనే తింటుందన్నమాట. అంతకుముందు అద్దం పక్కనుంచి చూస్తే ఇసుకలో పురుగుల సొరంగాలు వేర్లలా అల్లుకుని కనిపించేవి. నక్షత్ర చేప వచ్చిన నాలుగు నెలలకి ఒక్క సొరంగం లేదు. ఇసుక అక్కడక్కడా గట్టిపడింది. రొయ్య ముక్కలు దాని కింద దోపి చూశాను. కొన్నిసార్లు తింది, ఎక్కువసార్లు వదిలేసింది, అవి నసారియస్‌ల పాలయ్యాయి. ఎనిమిదో నెలలో చేతుల చివర్లు కరిగిపోవడం మొదలైంది, వారంలో పోయింది. ఈ లిస్టులో నేను సిగ్గుపడే కొనుగోలు ఇదొక్కటే. మన ఇళ్లలో ఉండే ట్యాంకులు దానికి ఆకలి గదులే. ఎంత చవగ్గా ఇచ్చినా తెచ్చుకోకండి.

ఆ ఖాళీ ఇసుకని మళ్లీ దారిలో పెట్టడానికి చాలా నెలలు పట్టింది. ఒక స్నేహితుడి పాత ట్యాంక్ నుంచి రెండు గుప్పిళ్ల తడి ఇసుక, అరచేయంత రాయి తెచ్చి వేశాను. వాటితోపాటు బ్రిసిల్ వార్మ్‌లు, బుల్లి బ్రిటిల్ స్టార్‌లు (నక్షత్ర చేపల్లాంటి సన్నచేతుల జీవాలు) వచ్చాయి. బ్రిసిల్ వార్మ్ అంటే జెర్రిలా ఉంటుంది. అది కనిపించగానే చంపేయాలని చాలామంది పట్టకారు తీస్తారు. తీయకండి. మిగిలిన మేత, కుళ్లిన చెత్త తినేది అదే. ఉత్త చేత్తో మాత్రం పట్టుకోవద్దు, ముళ్లు గుచ్చుకుంటాయి. నాకు గుచ్చుకుంటే సెల్లో టేప్ అతికించి లాగితే చాలావరకు వచ్చేశాయి.

2023లో శంఖం నత్త వచ్చింది, కాంక్ అంటారు. ఐదేళ్లలో నేను పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం చేసింది ఇదే. కాడల చివర రెండు కళ్లు, మధ్యలో ఏనుగు తొండం లాంటి నోరు. ఆ తొండంతో ఇసుక పైపొర మీది నాచునీ డయాటమ్‌లనీ గీరుకుంటూ పోతుంది. వెళ్లిన దారి వాకిలి ఊడ్చినట్టు తెల్లగా కనిపిస్తుంది. మా అమ్మాయి దానికి గణపతి అని పేరు పెట్టింది. తిరగబడితే కాలితో ఒక్క తోపు తోసుకుని తనే లేస్తుంది. చేపల్ని ముట్టదు, రాళ్లు ఎక్కి పడదోయదు. సంబరంలో రెండోదాన్ని కూడా తెచ్చాను. రెండింటికీ సరిపడా తిండి లేదని నెలలోనే అర్థమై, ఆరడుగుల ట్యాంక్ ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. ఇసుక మరీ తెల్లగా ఉన్న వారం ఒక నోరి (ఎండిన సముద్ర నాచు) ముక్కను రాయి కింద నొక్కిపెడతాను.

హెర్మిట్ పీతలు నాలుగు కొన్నాను, మూడు సెరిత్‌లు పోయాయి. వాటి గుల్లల్లో పీతలు దూరి తిరుగుతున్నాయి. ఖాళీ గుల్లలు ఎన్ని వేసినా నచ్చింది నత్త ఉన్న గుల్లే. ఇచ్చేశాను.

సముద్ర దోసకాయ గురించి చాలామంది అడుగుతారు. ఇసుక మింగి, శుభ్రం చేసి వదిలే జీవమని విదేశీ వీడియోల్లో చూసి ఉంటారు. మన దేశంలో 2001 నుంచి సముద్ర దోసకాయలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. ఎవరైనా సంచిలో పెట్టి చూపిస్తే అక్కణ్ణుంచి వచ్చేయండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, అది నీళ్లు తిప్పే పవర్‌హెడ్ మోటారులో పడి నలిగితే వదిలే విషానికి ట్యాంకులో చేపలన్నీ పోవచ్చు. మా ఊళ్లో తెన్నేటి పార్క్ కింద రాళ్ల గుంటల్లోంచి నత్తలు ఏరుకొచ్చే అలవాటు కూడా మంచిది కాదు. కొన్ని గవ్వలు, శంఖాలు కూడా ఆ చట్టంలో ఉన్నాయి. కోన్ నత్తలకు విషపు ముల్లు ఉంటుంది. పైగా ఏరుకొచ్చినదాని తిండేంటో మనకు తెలియదు.

ఇసుక మీద ఎర్రటి జిగురు దుప్పటిలా పరుచుకుంటే అది సయానోబాక్టీరియా. పైన చెప్పినవాటిలో ఒక్కటి కూడా దాన్ని తినలేదు. వేవ్‌మేకర్‌ని ఆ మూలకి తిప్పి, మేత తగ్గించి, పైపుతో పీల్చేస్తేనే పోయింది. ఇప్పటికీ పదిహేను రోజులకోసారి నీళ్లు మార్చేటప్పుడు ఇసుకలో మూడో వంతు పైపుతో నేనే శుభ్రం చేస్తాను. ప్రతిసారీ ఒక్కో భాగం, అంతా ఒకేసారి కెలకను. మా అమ్మ, "ఇన్ని తెచ్చావు, చివరికి ఊడ్చేది నువ్వేగా" అంటూ ఉంటుంది.

తెచ్చిన నత్తలు వారంలో చచ్చాయని చెప్పేవాళ్లని నేను రెండే అడుగుతాను. సంచి నీళ్ల ఉప్పు, ట్యాంక్ ఉప్పు కొలిచారా? చేపలకి రాగి ఉన్న మందు ఎప్పుడైనా వేశారా? నాది స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్లతో పోలిస్తే బరువు) లెక్కలో 1.025 దగ్గర ఉంటుంది, సంచి నీళ్లు 1.021 వచ్చిన రోజులున్నాయి. సన్న పైపుతో చుక్కచుక్కగా గంటన్నర కలిపాకే వదులుతాను. రాగి పడిన ట్యాంకులోనైతే నత్తలు, రొయ్యలు బతకవు.

ఈ మధ్య ఒక పిస్టల్ రొయ్యను, దానికి జోడీగా ఉండే చిన్న గోబీని తెచ్చాను. రొయ్యకి చూపు సరిగా ఉండదు. అది గుంత తవ్వుతుంటే గోబీ గుమ్మం దగ్గర కాపలా కాస్తుంది. రొయ్య మీసం ఎప్పుడూ గోబీ ఒంటి మీదే ఉంటుంది. ఇసుక ఎంత శుభ్రమైందో చెప్పడానికి రెండు నెలలు చాలవు. రాత్రి ఆ రొయ్య పంజా టక్కుమని చప్పుడు చేస్తే మాత్రం అద్దం పగిలిందేమోనని ఇంకా లేచి చూస్తున్నాం.