ఇన్‌కంట్రోల్ వాడి నాలుగేళ్లు: మా సిస్టం ఇంకా విండోస్ 10 మీదే ఉంది

హన్మకొండలో మా ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పెళ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, పరీక్షలప్పుడు బడి వాళ్ల క్వశ్చన్ పేపర్లు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఓ పాత లేజర్ ప్రింటర్, వీటి మీదే ఇల్లు గడుస్తుంది. అందుకే ఈ సిస్టంలో ఏం మారినా నాకు చెప్పి మారాలి. విండోస్ 10 తనంతట తాను 11కి మారకుండా ఆపే చిన్న ప్రోగ్రామే ఈ ఇన్‌కంట్రోల్.

2022 ఫిబ్రవరిలో, మేడారం జాతరకు వారం ముందు, మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. నేను పేపర్ తేవడానికి చౌరస్తా దాకా వెళ్లొచ్చేసరికి స్క్రీన్ మీద విండోస్ 11 ఉంది. "మామా, ఫ్రీగా వస్తుందని చూపించింది, కొట్టేసిన" అన్నాడు. పిల్లవాడు మంచికే చేశాడు. కానీ మాఘమాసం పెళ్లిళ్లు, ముగ్గురి పత్రికలు చేతిలో ఉన్నాయి, ప్రింటర్ లిస్టులో పేరు కనిపిస్తుంది, ప్రింట్ కొడితే ఎర్రర్. ఆ ప్రింటర్ కంపెనీ మా మోడల్‌కు కొత్త డ్రైవర్, అంటే సిస్టం ప్రింటర్‌ను నడిపించే ప్రోగ్రాం, ఇవ్వడం ఎప్పుడో మానేసింది. అదృష్టం ఏంటంటే అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లో సిస్టం, రికవరీలోకి వెళ్లి గో బ్యాక్ నొక్కితే పాతది వచ్చేస్తుంది. నొక్కాను. అది తిరిగి లేచి టెస్ట్ పేజీ బయటికి వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు, అంత టెన్షన్.

ఆ రాత్రే దీన్ని ఆపే దారి వెతికాను. అప్‌డేట్లను పాజ్ చేస్తే 35 రోజులే, ఆ తర్వాత ఉన్నవన్నీ వేసుకోవాల్సిందే. నెట్ కనెక్షన్‌ను మీటర్డ్ (డేటా పొదుపుగా వాడాల్సినది) అని పెట్టడం కొంతవరకే పనిచేస్తుంది. అప్‌డేట్ సర్వీస్‌నే ఆపేయమని చాలామంది చెప్తారు, అది మాత్రం చేయకండి, సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి, కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు పొద్దున్నుంచి రాత్రి దాకా గుచ్చే సిస్టంకు అది చాలా ప్రమాదం.

చివరికి దొరికింది ఇన్‌కంట్రోల్. స్టీవ్ గిబ్సన్ అనే అమెరికా సెక్యూరిటీ నిపుణుడు రాశాడు, ఉచితం. విండోస్ 7 వాళ్లకు 10 ఫ్రీగా ఇస్తున్న రోజుల్లో, 2016లో, ఆయనే నెవర్10 అని ఒకటి ఇచ్చాడు, అది మా పాత సిస్టంలో వాడాను కాబట్టి నమ్మకంగా దించుకున్నాను. ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు, చాలా చిన్న ఫైలు. తెరిస్తే రెండు గడులు కనిపిస్తాయి: ఒకదాంట్లో విండోస్ వెర్షన్, అంటే 10, రెండోదాంట్లో రిలీజ్, అంటే ఆ 10లో ఏ విడతది అని, అప్పట్లో మాది 21హెచ్2. కింద టేక్ కంట్రోల్ నొక్కితే అయిపోయింది. అది చేసేదల్లా రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోట, అప్‌డేట్ పాలసీ కింద "ఈ సిస్టం ఈ వెర్షన్ దగ్గరే ఉండాలి" అని రాయడం. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదీ నడవదు. నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు మామూలుగానే వస్తాయి, నాకు బాగా నచ్చింది ఇదే. మా సిస్టంలో ఉన్నది ప్రో ఎడిషన్, గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో చేత్తో కూడా ఇదే పెట్టుకోవచ్చు, కానీ హోం ఎడిషన్‌లో ఆ ఎడిటరే ఉండదు, ఉన్నా అందులో తిరగడం అందరి వల్లా కాదు.

ఒకటి ముందే చెప్తున్నా, తర్వాత భయపడొద్దు. కంట్రోల్ తీసుకున్నాక అప్‌డేట్ పేజీలో కొన్ని సెట్టింగ్‌లు మీ సంస్థ చేతిలో ఉన్నాయని ఒక లైను వస్తుంది. మా పక్కింటి సార్‌కు ఇదే పెట్టిస్తే, ఆ లైను చూసి ఎవరో హ్యాక్ చేశారని రాత్రి 10 గంటలకు ఫోన్ చేశారు. ఏమీ కాదు, పాలసీ రాసినందుకే అలా కనిపిస్తుంది.

అసలు లోటు వేరే ఉంది. ఒకసారి లాక్ చేశాక అది అక్కడే ఉంటుంది, మనం మర్చిపోయినా సరే. 21హెచ్2కు సపోర్ట్ 2023 జూన్ 13తో అయిపోయింది. ఆ తేదీ దాటితే ఆ రిలీజ్‌కు ప్యాచ్‌లు రావు, నాది ఇంకా దాని మీదే లాక్ అయి ఉంది. ఆ ఏడాది మే నెలలోనే వేరే పని మీద సెట్టింగ్స్ తెరిస్తే కళ్లబడింది కాబట్టి సరిపోయింది. రిలీజ్ కంట్రోల్ నొక్కి, గడిలో 22హెచ్2 అని మార్చి మళ్లీ టేక్ కంట్రోల్ ఇచ్చాను. అప్పటి నుంచి క్యాలెండర్ మీద పెన్నుతో రాసి పెడుతున్నా. ఇది పెట్టుకునే ప్రతి ఒక్కరూ రాసి పెట్టుకోవాలి.

మధ్యలో రెండు జాతరలు అయిపోయాయి, ఒక్కసారి కూడా 11 అడుగు పెట్టలేదు. రన్‌లో విన్‌వర్ అని కొడితే 22హెచ్2, బిల్డ్ 19045 అని చూపిస్తుంది. 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంటి వాడకందారులకు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఉంది, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసి డబ్బు కట్టకుండానే చేరాను. ఆ తేదీ కూడా క్యాలెండర్ మీదుంది. అప్పటికి కొత్త ప్రింటర్ కొనగలిగితే నేనే రిలీజ్ కంట్రోల్ నొక్కి 11కి వెళ్తాను, లేకపోతే ఈ సిస్టంకు నెట్ వైరు తీసేసి పత్రికల పనికి మాత్రమే ఉంచుతాను.